అవ్వ తొడుక్కున్న మిలిటరీ అంగీ

మా ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా భోజనాలయ్యాక మా తమ్ముడు ఆ కథ ఎత్తుకుంటాడు. చిన్నాయిన మిలిటరీ అంగీ తొడుక్కొని మా అవ్వ కుక్క ముందు నిలబడిందట. కుక్క ఆమెనే చిన్నాయిన అనుకొని గబగబా తినేసిందట. అందరూ పడిపడి నవ్వుతారు. కొత్త కోడళ్ళు మరీ నవ్వుతారు. నేనొక్కదాన్నే నవ్వను. "అక్కకు ఇప్పుడు కోపమొస్తది చూడుండ్రి" అని వాడు అంటే, దానికి ఇంకోసారి నవ్వుతారు.

మా తమ్ముడికి అప్పుడు నాలుగేళ్ళు. ఆ పొద్దున వాడు లాగు లేకుండా గోనెపట్టా మీద నిద్రపోతున్నాడు. నాకు పదమూడేళ్ళు. జొన్నకట్టెల కుప్ప పక్కన రెండు కళ్ళూ తెరుచుకొని నిలబడి ఉన్నాను. అయినా మా ఇంట్లో చూసినదాని మాటకంటే నిద్రపోయినవాడి మాటే చెల్లుతుంది. ఎందుకంటే వాడు కథ బాగా చెప్తాడు. నేను వాదన బాగా చేస్తాను. కథ ముందు వాదన ఎప్పుడు గెలిచింది గనక? సరే, కథలో ఓడిపోయినదాన్ని కాగితం మీదనైనా నిజం చెప్పి చస్తాను. మనిషి నడిచిపోయిన నేలను వాసన చూసి మైళ్ళ దూరం వెంటపడే కుక్క, అంగీ మారిస్తే మోసపోతుందా? దానికంత తెలివి లేదనుకునే మనకే లేదు తెలివి.

మా ఊరు మక్తల్‌కు ఆరు మైళ్ళు. ఊరికి దక్షిణాన మా వాడ. కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబాలు, ఒక పెంకుటి ప్రార్థన గుడి. మా నాయిన తమ్ముడు, అంటే మా చిన్నాయిన, మిలిటరీలో కుక్కల మనిషి. యుద్ధం అయిపోయిన మరుసటి ఎండాకాలం ఆయన ఒక నెల సెలవు మీద వచ్చాడు. నేను మిషను బడి హాస్టలు నుంచి వేసవి సెలవులకు వచ్చి ఉన్నాను. శనివారం పొద్దుగూకే వేళ, భుజాన ఇనుప పెట్టె, చేతిలో తోలుపట్టా, ఆ పట్టాకు దూడంత కుక్క. నల్లటి వీపు, నిలువు చెవులు, వెనక కుడికాలు కొంచెం ఎగరేసి నడిచేది.

"ఏందిరా కొడుకా! దుప్పటి తెస్తవనుకుంటే కుక్కను తెచ్చినవా?" అంది అవ్వ.

"గట్లనకే అమ్మా. సర్వీసుల నాకంటే పెద్దది. ఇప్పుడు రిటైరయింది."

"రిటైరయిందా? మీ నాయిన సచ్చే పొద్దు గుడ మోట కొట్టిండురా. ఆయనకు లేని రిటైరు దీనికొచ్చిందా?"

చిన్నాయిన కుక్క చెవి మడిచి లోపల పొడిచిన నంబరు చూపించాడు. అవ్వ తన ముంజేతి మీది పచ్చబొట్టు చూసుకుంది. కుక్క చెవిలోకి మళ్ళీ చూసింది. "పాపం, నొచ్చిందో ఏమో" అని, దానికి కొట్టంలో గడ్డి పరిచింది. మా అవ్వ మనసు ఎట్లా కరుగుతుందో ముందుగా చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

అసలు సంగతి చిన్నాయిన ఆమెకు మెల్లగా చెప్తుంటే నేను తలుపు చాటునుంచి విన్నాను. గుండ్లు పక్కనే పడటంతో కుక్కకు చెవులు వినబడకుండా పోయాయి. కాలికి దెబ్బ. పనికిరాని కుక్కను అక్కడ సాకరు, తుపాకీతో ముగిస్తారు. ఈయన పైఅధికారి కాళ్ళావేళ్ళా పడి ఊరికి తెచ్చుకున్నాడు. షరతు ఒకటే. కరిచినా, తిండి మానినా వెనక్కి తేవాలి. వెనక్కి తేవడమంటే ఏమిటో చెప్పకుండానే తెలుస్తోంది.

"నేను పోయినంక నువ్వు పెడితే తినాలె. గదొక్కటి నేర్పిపోతనే అమ్మా" అన్నాడు.

"తినుడు గుడ నేర్పాల్నా? తినుడు నేర్పినోన్ని యాడ జూడలే."

నేర్పాలి. ఎందుకంటే ఆ కుక్కకు నేర్పినదే తినకపోవడం. శత్రువు విషం పెడతాడని, తన మనిషి చేతిది తప్ప ముట్టకుండా తయారుచేశారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చిన్నాయిన సిల్వరు తలెలో, అంటే పళ్ళెంలో, ఉడికిన మాంసం, రొట్టె ముక్కలు పెట్టేవాడు. కుక్క కూర్చునేది. ఆయన పిడికిలి మూసి నిలబడేవాడు. కుక్క తలె దిక్కు చూసేది కాదు, ఆ పిడికిలి దిక్కే చూసేది. ఆయన అరచెయ్యి కిందికి తిప్పి ఐదు వేళ్ళూ విప్పితే అప్పుడు తల వంచేది. చెవులు పోయాక దానికి మాటలతో పని లేకపోయింది. అంతా సైగే.

ఈ చెవుల సంగతి మాత్రం ఎవరికీ చెప్పవద్దని చిన్నాయిన ఆన పెట్టాడు. "సిపాయి లోపం ఊరికి చెప్పుకుంటరా?" అన్నాడు. ఆ ఒక్క రోషంతోనే తమాషా అంతా మొదలయింది.

ఆయన వచ్చిన మర్నాడు ఆదివారం. మా దిక్కు కురుమలకు ఆదివారం మల్లన్న రోజు. మల్లన్నకు కుక్కంటే ప్రేమ. ఇంటి పెద్దామె ఒక్కపొద్దు ఉండి, తాను నోట్లో ముద్ద పెట్టుకునే ముందు కుక్కకు ముద్ద పెడుతుంది. ఊర్లోకి అంత పెద్ద కుక్క వచ్చిందంటే వాళ్ళు ఊరుకుంటారా? నూరు గొర్రెల మంద ఉన్న కురుమ పెద్దమ్మ ముందు, వెనక ఇంకో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు, గిన్నెల్లో జొన్న ముద్దలు, మేకపాలు పట్టుకొని మా వాడ మొగదలకు వచ్చారు. అంతకుముందు మా ఇంటి మంచినీళ్ళు కూడా ముట్టనివాళ్ళు. కుక్క కోసం మా వాకిట్లో నిలబడ్డారు. ఈ ముక్క మా తమ్ముడి కథలో ఉండదు. పెళ్ళిపందిట్లో బాగుండదట.

"దా బిడ్డా, దా" అని పిలిచింది పెద్దమ్మ. కుక్క తల తిప్పలేదు. చెవులు వినబడవు కదా! పాలు ముక్కు కిందికి పెట్టింది. కుక్క ఆకాశం దిక్కు చూసింది. ముద్ద పెట్టింది. కుక్క కూర్చున్నచోటే కొండలా కూర్చుంది.

"అమ్మో! ఆదివారం గద!" అంది పెద్దమ్మ గుండె మీద చెయ్యేసుకొని. "ఒక్కపొద్దున్నదే ఇది! పిలిస్తె పలుకుతలేదు, తపస్సుల ఉన్నది. మల్లన్న కుక్కే!"

అని కొంగుముడిలోంచి పసుపు తీసి దాని నొసట పూసింది. కుక్క తుమ్మింది. ఆ తుమ్మును దీవెన అనుకున్నారు. సోమవారానికి ఆ మాట పక్క ఊరికి పాకింది. రెండో ఆదివారం ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చారు. చిన్నాయిన తెల్లవారకముందే కొట్టం వెనక దానికి కడుపునిండా పెట్టి, గోడకు ఆనుకొని బీడీ తాగుతూ, "అది డ్యూటీ కుక్క, ఒర్ల చేతిది తినదు, నా చేతిదే తింటది" అని మాత్రం చెప్పేవాడు. అది కూడా మహిమే అయింది. గాలి తిని బతికే కుక్క అన్నారు. మా గుడిలో ప్రార్థన నడిపించే పెద్దాయన ఊరుకుంటాడా? "మన వాడల ఉంటది గనక అది ఉపవాస ప్రార్థన" అన్నాడు. ఒక్క కుక్క కోసం రెండు మతాలు ఉపవాసం పంచుకున్నాయి.

ఇంట్లో మాత్రం నవ్వు లేదు. అవ్వ చేతిది కుక్క తినడం లేదు. అవ్వ పిడికిలి మూసి, వేళ్ళు విప్పి, చిన్నాయిన చేసినట్టే చేసేది. కానీ చేతితో పాటు మిగతా ఒళ్ళంతా ఆడేది. "తిను నాయినా, తిను, నీ కాళ్ళు మొక్కుత, గింత తిను" అంటూ తల ఊపేది, రెండో చెయ్యి తిప్పేది. కుక్కకు ఏది సైగో ఏది కాదో తెలిసేది కాదు. నేనూ ప్రయత్నించాను. ఒకసారి చెయ్యి విప్పి, తినకపోతే మళ్ళీ విప్పి, మళ్ళీ విప్పి.

"ఒక్క మాట ఒక్కసారే అనాలె బిడ్డా. నీతోని గాదు తీ" అన్నాడు చిన్నాయిన. నిజమే. ఇప్పటికీ కాదు.

మూడో ఆదివారం తెల్లారుజామున పెద్దమ్మ మంద తోలుకొని మా కొట్టం వెనకదారిన పోతూ, లోపలికి తొంగిచూసింది. ఒక్కపొద్దు కుక్క పసుపు నొసటితో బొక్క కొరుకుతోంది.

"ఓ మల్లన్నా! చూడే, చూడే! పొద్దుగాల్నే బొక్క కొరుకుతాంది! ఊరందర్ని మోసం చేస్తున్నరా మీరు?"

అవ్వ చీపురుతోనే బయటికి వచ్చింది. "ఎవలు మోసం చేసిన్రక్కా? ఒక్కపొద్దని నువ్వన్నవా, మేమన్నమా? పసుపు నువ్వు పూస్తివి, తపస్సు నువ్వు పెడితివి. మా కుక్క ఒక్క మాటన్నదా?"

"మరి పిలిస్తె పలకదేమే?"

"చెవుడు! చెవుడు! దానికి చెవుడు!" అని అవ్వ వాడంతా వినబడేట్టు అరిచింది. చిన్నాయిన పెట్టిన ఆన గాలికి పోయింది. ఆ ఊపులోనే మిగతాదంతా చెప్పేసింది. గుండ్లు, తుపాకీ, షరతు, ఇంకా పది రోజుల్లో కొడుకు పోతాడు, నా చేతిది తినకపోతే కుక్కను వెంట తీసుకపోతాడు, ఇక అంతే. చెప్తూ చెప్తూ చీపురు కింద పడేసి ఏడ్చింది.

పెద్దమ్మ కాసేపు కుక్కను చూసింది. ఇప్పుడు దేవుని కుక్కగా కాదు, గొర్రెలు కాసేవాళ్ళు జీవాన్ని చూసినట్టు చూసింది. పంటి దిక్కు, డొక్కల దిక్కు, కాలి దిక్కు.

"పిల్ల సచ్చిన గొర్రెకు ఒర్ల పిల్లను అంటగట్టేదెట్లనో ఎరుకనా నీకు?" అంది. "సచ్చినదాని తోలు దీసి ఒర్ల పిల్లకు చుడతం. తల్లి వాసన చూసి, నా పిల్లనే అనుకోని పాలిస్తది. నీ కొడుకు అంగీ తొడుక్కో. ఎనిమిది దినాలు వాడు గా అంగీ ఇప్పొద్దు, ఉతకొద్దు. చెమటంత పట్టాలె. పోయే పొద్దు నువ్వు తొడుక్కోని తలె పెట్టు. వాడు దానికి కానరావొద్దు. తినకుంటె నన్నడుగు."

అది ఎండాకాలం. మా దిక్కు బండలు పగిలే ఎండ. ఎనిమిది రోజులు ఒకే మిలిటరీ అంగీ. మూడో రోజుకు మా నాయిన చిన్నాయినతో కలిసి భోజనానికి కూర్చోవడం మానేశాడు. ఐదో రోజుకు గుడిలో ఆయన పక్క చాప ఖాళీ. "యుద్ధంల గుడ గింత కష్టపడలే వదినె" అని మా అమ్మతో అన్నాడు. కుక్క ఒక్కటే ఆయన్ను వదలకుండా సంతోషంగా తిరిగేది.

ఇక్కడే ఉంది నా సాక్ష్యం. మా తమ్ముడు రాసుకోవాలి.

పోయే ముందురోజు సాయంత్రం చిన్నాయిన అంగీ విప్పి అవ్వకు ఇచ్చి, బావికాడ స్నానానికి పోయాడు. అవ్వ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని చాలాసేపు చూసింది. మా అవ్వ ఒకరి పొలంలో కూలికి పోయేటప్పుడు కూడా ఉతికిన చీరే కట్టేది. మురికి బట్ట కట్టుకుంటే "వాళ్ళంతే" అని ఊరివాళ్ళు అనగూడదని ఆమె పంతం. తెల్లారి కురుమ పెద్దమ్మ, ఇంకా ఊరి ఆడవాళ్ళు అంతా వస్తారు. వాళ్ళ ముందు ఆ అంగీ తొడుక్కోవాలి.

"రెండు బొక్కెన్ల నీళ్ళు తోడు బిడ్డా" అంది నాతో.

"అవ్వా, ఉతకొద్దన్నది గద పెద్దమ్మ?"

"ఉతుకుతలేను. జాడిస్తున్న."

జాడించడం కాదు. సవుడు మన్ను పెట్టి, బండకేసి కొట్టి, గంజి కూడా పెట్టింది! ఎనిమిది రోజుల చెమట, మా చిన్నాయిన కష్టం, నురగై మోరీలో పోయింది. "ఎవలకన్న చెప్పినవంటే నాలిక కోస్త" అంది. ఆమె బతికినంత కాలం నేను చెప్పలేదు.

తెల్లవారింది. గోనెపట్టా మీద మా తమ్ముడు నిద్రపోతున్నాడు, మరొక్కసారి గుర్తుచేస్తున్నాను. వాకిట్లో పది పన్నెండు మంది. అవ్వ చీర మీద అంగీ. గంజికి చేతులు రేకుల్లా నిలబడ్డాయి. గుండీలు ఒకదానికొకటి తప్పి, ఒక పక్క ఎత్తు, ఒక పక్క వంపు. ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు తలుచుకొని నేనే నవ్వుతున్నాను. పెద్దమ్మ చెప్పినట్టే చిన్నాయినను కొట్టం మట్టిగోడ వెనక, అవ్వ వీపు దిక్కున నిలబెట్టారు. నడుమెత్తు గోడ. కూర్చోమంటే కూర్చుంటానన్నాడు. కూర్చోలేదు.

అవ్వ తలె పెట్టింది. పిడికిలి మూసింది. పుట్టినప్పటినుంచీ మొదటిసారి నోరు కూడా మూసింది. తల ఊపలేదు, రెండో చెయ్యి తిప్పలేదు. అంగీ పొడవు చేతులు ఆమె ఒంటిని కట్టేసినట్టున్నాయి. కుక్క ముందుకు వచ్చి అంగీ అంచు వాసన చూసింది. తుమ్మింది. గంజి! అవ్వ అరచెయ్యి తిప్పి వేళ్ళు విప్పింది.

కుక్క తినలేదు. అవ్వ ముఖంలోకి చూసింది. తర్వాత అవ్వ భుజం మీదుగా వెనక్కి, గోడ దిక్కు చూసింది. నేనూ తల తిప్పాను. చిన్నాయిన భుజం కదిలింది. నేనున్న జాగాకు కొట్టం గుంజ అడ్డం, చెయ్యి కనబడలేదు. నేను మళ్ళీ ఇటు తిరిగేసరికి కుక్క తల తలెలో ఉంది.

"మల్లన్నా!" అని పెద్దమ్మ పసుపు చల్లింది. "స్తోత్రం తండ్రీ!" అని అవ్వ ఏడ్చింది. పసుపు కుక్క మీద, అవ్వ మీద, గంజి పెట్టిన అంగీ మీద పడింది. "చూసినవా, తోలు మహిమ!" అని పెద్దమ్మ ఊరంతా చెప్పుకుంది. అవ్వ కిక్కురుమనలేదు. మా తమ్ముడి కథ అక్కడినుంచి పుట్టింది.

మధ్యాహ్నం చిన్నాయిన ఒక్కడే బస్సెక్కాడు. మర్నాడు అవ్వ చెయ్యి విప్పితే కుక్క తిన్నది. మూడో నాడూ తిన్నది. వారం తర్వాత అంగీ లేకుండా పెట్టింది. అప్పుడూ తిన్నది. అంగీ చలికాలానికి పెట్టెలోకి పోయింది.

కూలి ఇంట్లో అంత కుక్కకు తిండి ఎక్కడిది? పెద్దమ్మ రోజూ సోలెడు మేకపాలు పంపేది. "మల్లన్నది కాకున్న కుక్కే గద" అనేది. మా వాడలో ఆదివారం మాంసం తెగితే మొదటి వాటా అవ్వకు. ఊరి ఆడవాళ్ళు తలా పిడికెడు జొన్నపిండి. మక్తల్ దవాఖాన కాంపౌండరు కాలికి రాయడానికి మలాం ఇచ్చాడు. ఊరు దయతలచి సాకిందని ఊరివాళ్ళు అంటారు. కాదనను. కానీ ఎవరు ఏం తెచ్చినా అది అవ్వ చేతిలో పెట్టాల్సిందే. ఆమె చేతి మీదుగా వస్తేనే కుక్క తింటుంది. ఎవరెంత పెద్ద ఇంటివాళ్ళయినా మా గడప ముందు నిలబడి, "ఓ అవ్వా, జర పెట్టవా" అని అడగాల్సిందే. అవ్వ ఆ మాటను రెండుసార్లు అనిపించుకున్న రోజులు కూడా నాకు తెలుసు. పైఅధికారికి ప్రతి నెలా కుక్క క్షేమం రాయాలి. హాస్టలు నుంచి నేనే నా బడి ఇంగ్లీషులో రాసేదాన్ని. "మనుషుల క్షేమం అడిగేటోడు లేడు గని" అని మా నాయిన నవ్వేవాడు.

మరుసటి ఎండాకాలం చిన్నాయిన వచ్చాడు. కుక్క ముసలితనం మరిచిపోయి, మూడు కాళ్ళ మీద వాకిలంతా తిరిగి, ఆయన్ను కింద పడేసి ముఖమంతా నాకింది. ఆయన పెట్టెలోంచి పాత అంగీయే తీసి తొడుక్కొని, మురిపెంగా తలె పెట్టి, పిడికిలి మూసి, వేళ్ళు విప్పాడు.

కుక్క తినలేదు. తల తిప్పి అవ్వ దిక్కు చూసింది.

అవ్వ రోట్లో మిరపకాయలు దంచుతోంది. చూసీ చూడనట్టు ఇంకో నాలుగు పోట్లు వేసింది.

"అమ్మా, జెప్పవే. ఆకలైతుంది దానికి."

"కుక్కకా, నీకా? జర ఆగురా. ఒర్ల చేతి దిక్కు చూసుడు ఎట్లుంటదో నీకు గుడ తెల్వాలె."

అని, కారం చెయ్యి కొంగుకు తుడుచుకొని, అరచెయ్యి కిందికి తిప్పి ఐదు వేళ్ళూ విప్పింది. కుక్క తిన్నది. మా చిన్నాయిన నేల మీద కూలబడి, కళ్ళలో నీళ్ళు కారేదాకా నవ్వాడు. అంగీ ఆయన ఒంటి మీదే ఉంది, ఒళ్ళూ ఆయనదే. ఇంకా అంగీ కథ చెప్తారా?

నా వాదన ఇది. ఆ కుక్క మోసపోలేదు. ఆ పొద్దున గోడ వెనకనుంచి దానికి ఆఖరి ఆర్డరు వచ్చింది, ఇకనుంచి ఈమె చేతిది తినమని. బతికినన్నాళ్ళు ఆ ఆర్డరే పాటించింది, చిన్నాయినకు ఎదురుగా కూడా. మా అమ్మ ఒప్పుకోదు. "ఆర్డరు లేదు, ఏం లేదు. అత్త గంజి అంగీల చేతులు కట్టుకోని నిలబడితే, దానికే పాపమనిపించింది" అంటుంది. అట్లా అయితే అది ఎవరూ చెప్పకుండా తనంత తానే, జన్మలో మొదటిసారి, ఒక మనిషిని ఎంచుకున్నట్టు. నా వాదన ఓడిపోయినా నాకు బాధలేని చోటు ఇదొక్కటే.

తేల్చగలిగేది చిన్నాయిన ఒక్కడే. ఇప్పుడాయన పింఛను తీసుకుంటూ అదే వాకిట్లో, అదే కొట్టం నీడన మంచమేసుకుంటాడు. పోయినప్పుడల్లా, ఆ పొద్దు నీ భుజం ఎందుకు కదిలిందని అడుగుతాను. "ఈగలు బిడ్డా, ఎండకాలం గద, తోలుకున్న" అంటాడు, మీసం కింద నవ్వుతూ. కొట్టంలో ఈగలుంటాయి, ఒప్పుకుంటాను. కానీ చిన్నాయినా, ఈసారి గుంజ అడ్డం లేదు, సాక్షిని నేనే, సూటిగా అడుగుతున్నాను: ఆ పొద్దు ఆ గోడ వెనక నీ చెయ్యి మూసి ఉన్నదా, తెరిచి ఉన్నదా?